జైలు ఏళ్లు పెంచితే వేగం తగ్గదు

రోడ్డు మీద ఘోరం జరిగిన ప్రతిసారీ ఒకే మాట నలువైపులా వినిపిస్తుంది. శిక్షలు చాలవు, చట్టానికి కోరలు లేవు, పదేళ్లు జైల్లో వేస్తే గానీ వీళ్లకు బుద్ధి రాదు అని. టీవీ చర్చల్లో ఇదే మాట, చట్టసభల్లో ఇదే మాట, ఆసుపత్రి ముందు ఏడుస్తున్న బంధువుల నోటా ఇదే మాట. దీని వెనకున్న దుఃఖాన్ని ఎవరూ శంకించలేరు. 2022లో ఒక్క ఏడాదిలో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది చనిపోయారు. అంటే రోజుకు 460 మందికి పైగా. పోయినవాళ్లలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లు, మరో 20 మంది దాకా కాలినడకన పోతున్నవాళ్లు. నూటికి 71 చావులకు అతివేగమే కారణమని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. ఇంత ప్రాణనష్టం చూశాక కోపం రావడం సహజం, అవసరం కూడా. ఆ కోపాన్ని మనం మళ్లిస్తున్న దారితోనే నా పేచీ. వేగానికి శిక్ష పడాల్సిందే. ఇప్పుడు పడుతున్నదానికి ఎన్నో రెట్లు ఎక్కువసార్లు పడాలి. కానీ జైలు ఏళ్లు పెంచుకుంటూ పోవడం న్యాయమూ కాదు, దానివల్ల ప్రాణాలూ నిలబడవు. మన చట్టం నిజానికి వేగాన్ని శిక్షించడం లేదు. వేగం చివర ఎవరైనా చనిపోతే, అప్పుడు మాత్రమే, చేతికి దొరికిన మనిషిని శిక్షిస్తోంది. ఈ అన్యాయాన్ని అలాగే ఉంచి ఏళ్లను మాత్రం రెట్టింపు చేస్తే అన్యాయమే రెట్టింపవుతుంది.

ముందు చట్టం సంగతి. నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే రెండేళ్ల దాకా జైలు అనే నిబంధన 304ఎ సెక్షన్‌గా భారత శిక్షాస్మృతిలోకి 1870లో వచ్చింది. మన దారుల్లో మోటారు బండి అనేదే లేని రోజులవి. ఆ రెండేళ్లు నూట యాభై ఏళ్లకు పైగా అలాగే ఉండిపోయాయి. 2015లో పంజాబ్ నుంచి వచ్చిన ఒక కేసులో, అనుభవించిన 24 రోజుల జైలుతో హైకోర్టు సరిపెట్టడం చూసి సుప్రీంకోర్టు ఆ శిక్షను ఆరు నెలలకు పెంచింది, ఈ సెక్షన్‌లోని శిక్షను చట్టం చేసేవాళ్లు మళ్లీ పరిశీలించాలని కూడా చెప్పింది. 2023లో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106(1) కింద ఆ రెండేళ్లను ఐదేళ్లు చేసింది. అదే ఉపవిభాగంలో రిజిస్టరైన వైద్యుడి నిర్లక్ష్యం వల్ల రోగి చనిపోతే మాత్రం గరిష్ఠ శిక్ష రెండేళ్ల దగ్గరే ఆగింది. ఇక 106(2): ఢీకొట్టి, వెంటనే పోలీసులకో మెజిస్ట్రేటుకో చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా జైలు. దీని మీద 2024 జనవరి మొదటి రెండు రోజుల్లో లారీ, ట్యాంకర్ డ్రైవర్లు బండ్లు ఆపేశారు. హైదరాబాద్‌లో పెట్రోలు బంకుల ముందు కిలోమీటర్ల బారులు తీరాయి. చర్చించకుండా అమలు చేయబోమని కేంద్ర హోం కార్యదర్శి హామీ ఇచ్చారు. 2024 జులై 1న సంహిత అమల్లోకి వచ్చినప్పుడు ఈ ఒక్క ఉపవిభాగాన్నీ పక్కన పెట్టారు. డాక్టరు తప్పూ డ్రైవరు తప్పూ రెండూ చంపాలన్న ఉద్దేశం లేనివే. డాక్టర్లకూ ఐదేళ్లు వేయమని నేను అడగడం లేదు. జైలు భయం నెత్తిమీద వేలాడుతుంటే వైద్యం సాగదన్న వాదన సరైనదే. ఆ వాదన వినిపించడానికి ఒక వృత్తికి పెద్ద సంఘం ఉంది, పార్లమెంటు దాకా గొంతు ఉంది. రెండో వృత్తికి బండ్లు ఆపేస్తే తప్ప వినిపించే దారి లేకపోయింది. ఒకే సెక్షన్‌లో ఒకే రకం తప్పుకు రెండు కొలతలు పెట్టడానికి నాకు వేరే కారణం కనిపించదు.

ఇక అసలు అన్యాయం ఏళ్ల సంఖ్యలో కన్నా ఆ ఏళ్లను దేనికి ముడిపెట్టామన్న దాంట్లో ఉంది. ఇద్దరు కుర్రాళ్లు ఒకే రోడ్డు మీద, ఒకే సాయంత్రం, నలభై దాటకూడని చోట తొంభైలో బైకులు నడిపారనుకుందాం. మొదటివాడి ముందుకు ఎవరూ రాలేదు. ఇంటికి పోయి అన్నం తిని పడుకున్నాడు. కెమెరా కంట పడితే మోటారు వాహనాల చట్టం 183 సెక్షన్ కింద వెయ్యి రూపాయల నుంచి రెండు వేల దాకా జరిమానా, పడకపోతే అదీ లేదు. రెండోవాడి ముందుకు ఒక ముసలాయన రోడ్డు దాటుతూ వచ్చాడు. ఇప్పుడు అతని మీద ఐదేళ్ల కేసు. ఇద్దరూ చేసిన పని ఒకటే, ఇద్దరి మనసులో ఉన్న లెక్కలేనితనమూ ఒకటే. తేడా ఆ ముసలాయన ఏ నిమిషాన ఇల్లు కదిలాడన్న దాంట్లో ఉంది. పర్యవసానాన్ని బట్టి శిక్ష కొంత పెరగడం చాలా దేశాల చట్టాల్లో ఉంది, దాన్ని పూర్తిగా కాదనను. పోయిన ప్రాణాన్ని చట్టం గుర్తించాలి. కానీ ఒకవైపు వెయ్యి రూపాయలు, మరోవైపు ఐదేళ్లు అన్నంత అగాధం ఉంటే చట్టం ఒక సంగతి బాహాటంగా ఒప్పుకున్నట్టే. రోజూ జరిగే లక్షల తప్పుల జోలికి అది పోదు, వాటిలో దురదృష్టం తోడైన కొన్నింటి మీదే విరుచుకుపడుతుంది. అలా తప్పించుకున్న మొదటి కుర్రాడు రేపు కూడా తొంభైలోనే పోతాడు.

దీనికి జవాబుగా భయం మాట ఎత్తుతారు. పెద్ద శిక్ష ఉంటే డ్రైవరు ఒళ్లు దగ్గర పెట్టుకుని నడుపుతాడని. ఇది వీధిలో వినిపించే మాట మాత్రమే కాదు. 2000 సంవత్సరంలో దల్బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే ధోరణిలో మాట్లాడింది. బండి నడుపుతున్నంతసేపూ జైలు తప్పదన్న ఎరుక డ్రైవరుకు ఉండాలని, అందుకే ప్రొబేషన్ మీద వదిలిపెట్టకూడదని. ఆ తీర్పు మీద గౌరవంతోనే, దాని వెనకున్న ఊహ నిలవదని అంటాను. భయం పని చేయాలంటే శిక్షకు దారితీసే సంఘటన జరుగుతుందని మనిషి ముందే ఊహించాలి. హ్యాండిల్ పట్టుకున్న ఏ మనిషీ ఈ రోజు నేను ఒకరిని చంపుతానని ఊహించడు. ఆలస్యమవుతోందని ఊహిస్తాడు, ముందున్న ఆటోను దాటేయగలనని ఊహిస్తాడు, ఇన్నేళ్లుగా ఏమీ కాలేదన్న ధీమాతో ఉంటాడు. జరగదనుకున్న దానికి రెండేళ్లు వేసినా ఇరవై ఏళ్లు వేసినా అతని కాలు యాక్సిలరేటర్ మీంచి కదలదు. అదే, వచ్చే మలుపులో కెమెరా ఉందని, రేపు పొద్దున్నకల్లా చలానా ఫోనుకు వస్తుందని, మూడోసారి లైసెన్సు పోతుందని తెలిస్తే కదులుతుంది. ఎందుకంటే అది అతను ఊహించగలిగినది.

శిక్ష తీవ్రత కన్నా అది తప్పదన్న నమ్మకమే నేరాన్ని ఆపుతుందని ఇటలీ న్యాయవేత్త బెకారియా 1764లోనే రాశాడు. రెండున్నర శతాబ్దాల తరవాత నేరశాస్త్రంలో జరిగిన పరిశోధనలన్నింటినీ వడపోసిన డేనియల్ నాగిన్ 2013లో తేల్చిందీ అదే: దొరికిపోతామన్న నమ్మకానికి ఆధారాలు గట్టిగా ఉన్నాయి, జైలు కాలం పొడిగింపు ఇచ్చే భయానికి ఆధారాలు బలహీనంగా ఉన్నాయి. రోడ్ల విషయంలో దీనికి మంచి నిదర్శనం బ్రిటన్. తాగి నడిపేవాళ్లను పట్టుకోవడానికి 1967లో అక్కడ శ్వాస పరీక్ష తెచ్చారు. వారాంతపు రాత్రుల్లో ప్రమాదాలు ఒక్కసారిగా పడిపోయాయి. కొంతకాలానికి మళ్లీ పెరిగాయి. చట్టం మారలేదు, శిక్ష తగ్గలేదు. తమను ఆపి పరీక్షించే అవకాశం తాము భయపడినంత లేదని డ్రైవర్లకు తెలిసిపోయింది, అంతే. దీన్ని లెక్కలతో పరిశోధించిన లారెన్స్ రాస్ పని ఈ రంగంలో ఇప్పటికీ ఉదహరించే పాఠం. ఫ్రాన్స్ ఇంకో నిదర్శనం. అక్కడ 2002లో రోడ్ల మీద ఏడు వేల మందికి పైగా చనిపోయారు. 2003 శరదృతువు నుంచి దేశమంతా వేగాన్ని కొలిచే ఆటోమేటిక్ కెమెరాలు పెట్టడం మొదలుపెట్టారు. 2010 నాటికి మరణాలు నాలుగు వేల లోపుకు వచ్చాయి. తాగి నడపడంపై తనిఖీలు, లైసెన్సు పాయింట్లు కూడా తోడయ్యాయి కనుక మొత్తం ఘనత కెమెరాలదే అనను. కానీ ఆ మార్పు ఏళ్ల తరబడి జైళ్ల వల్ల రాలేదు. చిన్న జరిమానా తప్పించుకోలేనంత నిక్కచ్చిగా పడటం వల్ల వచ్చింది.

మన దగ్గర ఆ నిక్కచ్చితనం ఎలా ఉందో చూడండి. 2019లో పార్లమెంటు మోటారు వాహనాల చట్టాన్ని సవరించి జరిమానాలు పెంచితే, వాటిని అమలు చేయబోమని తెలంగాణ అప్పటి ముఖ్యమంత్రే శాసనసభలో ప్రకటించారు. 2022 మార్చిలో తెలంగాణలో పెండింగ్ చలానాలపై ద్విచక్ర వాహనాలకు 75 శాతం రాయితీ ఇచ్చారు. 2023 డిసెంబరులో మళ్లీ 80 శాతం. పార్టీ మారింది, ప్రభుత్వం మారింది, రాయితీ మారలేదు. ఆలోచించి చూస్తే ఇది చాలా బాధాకరమైన సంగతి. చలానా వచ్చిన రోజునే కట్టినవాడు పూర్తి మొత్తం కట్టాడు, కట్టకుండా ఎగ్గొట్టి కూర్చున్నవాడు ఐదో వంతు కట్టాడు. ఓపిక పడితే తప్పు చవకవుతుందని ప్రభుత్వమే కోటి మందికి నేర్పింది. అలా నేర్పిన నోటితోనే శిక్షలు చాలడం లేదనడం సబబు కాదు. ఉన్న వెయ్యి రూపాయల శిక్షను వేయలేని యంత్రాంగం ఐదేళ్ల శిక్షను నిక్కచ్చిగా వేస్తుందని నమ్మడానికి ఆధారమేమిటి? దీనికి భిన్నమైన ఉదాహరణా మన కళ్లముందే ఉంది. హైదరాబాద్‌లో వారాంతాల్లో డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీలు ఏళ్ల తరబడి ఆపకుండా చేశారు. దొరికినవాళ్లకు కోర్టులు వేసేది జరిమానా, కౌన్సెలింగ్, కొందరికి కొద్ది రోజుల జైలు. శిక్ష చిన్నదే, కానీ పార్టీకి వెళ్తూ క్యాబ్ మాట్లాడుకునే అలవాటు ఒక తరంలో వచ్చిందంటే, తనిఖీ ఏ సందులోనైనా ఉండొచ్చన్న ఆ చిన్న భయమే కారణం.

నూటికి 71 చావులకు అతివేగమే కారణమన్న అంకెను కూడా ఉన్నదున్నట్టు మింగకూడదు. వేగం చంపుతుందన్నది భౌతికశాస్త్రం, అందులో సందేహం లేదు. బండి వేగం రెట్టింపైతే ఢీకొట్టే శక్తి నాలుగు రెట్లవుతుంది. సగటు వేగం ఒక్క శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాలు నాలుగు శాతం పెరుగుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కానీ మన నివేదికల్లో అతివేగం అన్న గడి ఎలా నిండుతుందో ఎఫ్ఐఆర్ చూసినవాళ్లకు తెలుసు. అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి అన్న వాక్యం ప్రతి కేసులోనూ ఒకేలా ఉంటుంది. టైర్ల జాడలు కొలిచి, బండి నలిగిన తీరు చూసి వేగాన్ని లెక్కగట్టడం అరుదు. 1998లో కర్ణాటక రాష్ట్రం, సతీష్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతే ఎత్తిచూపింది. ఎక్కువ వేగం అన్నది సాపేక్షమైన మాట, ఆ మాట ఒక్కటే నిర్లక్ష్యానికి రుజువు కాదు, ఆ పరిస్థితుల్లో అది ఎందుకు నిర్లక్ష్యమో ప్రాసిక్యూషన్ చూపాలి అని చెప్పి, నిర్దోషిగా విడుదల చేయడాన్ని సమర్థించింది. కఠిన శిక్షలు కోరేవాళ్లు ఈ తీర్పును ఆలోచనతో చదవాలి. దర్యాప్తు ఇలాగే ఉండగా శిక్ష పెంచితే రెండే జరుగుతాయి. మంచి వకీలును పెట్టుకున్నవాడు ఈ లొసుగులోంచి బయటికి వస్తాడు. పెట్టుకోలేనివాడు రుజువు లేని వేగానికి పెద్ద శిక్ష అనుభవిస్తాడు.

అతివేగం అన్న ఆ ఒక్క మాట రాసేస్తే ఇంకెవరినీ ఏమీ అడగనక్కర్లేదు, అందుకే అది అందరికీ అనుకూలంగా ఉంటుంది. 2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్ రోడ్డులో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. ఆ బస్సులో నూరుమందికి పైగా ఉన్నారు. డ్రైవరూ పోయాడు. అన్ని ఊళ్లకు అన్ని బస్సులు లేకపోవడం, అంతమందిని ఎక్కించుకుని ఆ ఘాట్ దిగాల్సి రావడం ఒక్క డ్రైవరు నిర్ణయాలు కావు. 2019 నవంబరులో హైదరాబాద్ బయోడైవర్సిటీ కూడలిలో కొత్తగా తెరిచిన వంతెన మీంచి ఒక కారు కింద పడి, కింద నిలబడి ఉన్న మహిళ ప్రాణం పోయింది. 40 దాటకూడని చోట కారు నూరు దాటిందని పోలీసులు చెప్పారు. నడిపినవాడి తప్పు స్పష్టం, అతని మీద కేసు న్యాయం. అయినా వంతెనను మూసేసి, వేగం తగ్గించే పట్టీలు, హెచ్చరిక బోర్డుల వంటివి పెట్టాకే 2020 జనవరిలో మళ్లీ తెరిచారు. అంటే రోడ్డును సరిచేయవచ్చని తెలుసు, ఒక ప్రాణం పోయాక సరిచేశారు. మోటారు వాహనాల చట్టంలో 2019 నుంచి 198ఎ అనే సెక్షన్ ఉంది. రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణ ప్రమాణాలు పాటించక ప్రాణం పోతే కాంట్రాక్టరుకో, కన్సల్టెంటుకో, బాధ్యుడైన అధికారికో వేసే శిక్ష లక్ష రూపాయల దాకా జరిమానా. జైలు ఒక్క రోజు కూడా లేదు. 2022లో గుంతల వల్లే 1,856 మంది చనిపోయారని అదే కేంద్ర నివేదికలో ఉంది. గుంతను తప్పించబోయి ఎదుటివాడిని గుద్దిన బైకు కుర్రాడికి ఐదేళ్లు, ఆ గుంతను ఏడాదిగా అలాగే వదిలేసినవాడికి లక్ష. ఈ తూకాన్ని న్యాయం అనగలిగినవాళ్లు అనొచ్చు, నేను అనలేను.

వేగ పరిమితుల విషయంలోనూ రాజ్యం చేతులు శుభ్రంగా లేవు. 2018 ఏప్రిల్‌లో కేంద్రం గరిష్ఠ వేగాలను పెంచుతూ నోటిఫికేషన్ ఇచ్చింది. మున్సిపాలిటీ రోడ్ల మీద కార్లకు 70, ద్విచక్ర వాహనాలకు 60. 2021లో మద్రాసు హైకోర్టు దాన్ని కొట్టేసింది. మనుషులూ బండ్లూ కలిసి తిరిగే వీధుల్లో 30 దాటకూడదని 2020 స్టాక్‌హోమ్ ప్రకటన చెబుతుంటే, ఊళ్ల మధ్య 70 దాకా పోవచ్చని చెప్పిన ప్రభుత్వం ఆ వేగంతో చనిపోయినవాళ్ల పేరు చెప్పి శిక్షలు పెంచింది.

శిక్షలు పెంచాలన్న కోరికకు బలం ఎక్కువగా పెద్దింటి కేసుల నుంచి వస్తుంది. 2024 మే 19 తెల్లవారుజామున పుణెలో పదిహేడేళ్ల కుర్రాడు నడిపిన పోర్షే కారు ఇద్దరు సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ల ప్రాణం తీసింది. రోడ్డు ప్రమాదాల మీద మూడు వందల పదాల వ్యాసం రాయమన్న షరతుతో గంటల్లోనే బెయిలు వచ్చిందని తెలిసి దేశం మండిపోయింది. మండిపోవాల్సిందే. కానీ ఆ కేసులో లోపించింది ఏమిటి? చట్టంలో ఏళ్లు లోపించలేదు. మైనరుకు బండి ఇచ్చిన పెద్దవాళ్లకు మూడేళ్ల దాకా జైలు వేసే 199ఎ సెక్షన్ 2019 నుంచి ఉంది. ప్రాణం పోవచ్చని తెలిసీ చేసిన పనికి పదేళ్ల దాకా వేసే నిబంధన పాత శిక్షాస్మృతిలోనూ ఉంది, కొత్త సంహితలోనూ ఉంది. రక్త నమూనాలు మార్చారన్న ఆరోపణ మీద ప్రభుత్వ ఆసుపత్రి డాక్టర్లు అరెస్టయ్యారు. దర్యాప్తును కొనగలిగే చోట ఐదేళ్ల బదులు యాభై ఏళ్లు రాసినా అది కాగితమే. 1999 జనవరిలో ఢిల్లీలో బీఎండబ్ల్యూ కారు కింద ఆరుగురు చనిపోయిన కేసు తేలడానికి 2012 దాకా పట్టింది. తెలిసీ చేసిన నేరమేనని సుప్రీంకోర్టు నిర్ధారించినా, జైలు అప్పటికే గడిపిన రెండేళ్లతోనే ముగిసింది. దానికి తోడు 50 లక్షల రూపాయలు, రెండేళ్ల సమాజ సేవ. ధనవంతుడి మీద కోపంతో చట్టాన్ని పదును పెడతాం, ఆ పదును తగిలేది లారీ డ్రైవరుకు. మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటల పని అని 1961లోనే చెప్పింది. రాత్రంతా నిద్ర లేకుండా బండి తోలించిన ఓనరును, పది నిమిషాల్లో సరుకు ఇంటికి చేరాలన్న వ్యాపారాన్ని ఏ ఎఫ్ఐఆర్ కూడా ముద్దాయిగా రాయదు.

బిడ్డను పోగొట్టుకున్న తల్లి దగ్గర ఈ వాదన చేయగలవా అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఆమెకు చట్టం ఇవాళ ఏమిస్తోందో చూద్దాం. ఢీకొట్టిన బండి ఏదో తెలియకపోతే పరిహారం రెండు లక్షలు. 2022లో అలా గుద్ది పారిపోయిన ప్రమాదాల్లో 30,486 మంది చనిపోయారు. తెలిసిన కేసుల్లో కోర్టులు తేల్చే నాటికి ఏళ్లు గడుస్తాయి. గరిష్ఠ శిక్షను ఐదేళ్లని పుస్తకంలో రాయడం వల్ల ఆ తల్లికి దక్కేది ఏమీ లేదు. పారిపోయిన బండి నంబరును పట్టే కెమెరా, నెలల్లో వచ్చే పరిహారం, వేగాన్ని శాస్త్రీయంగా తేల్చే దర్యాప్తు, ఖాయంగా పడే ఒక తీర్పు ఉంటే దక్కుతుంది. ముఖ్యంగా, ఆ కుర్రాడిని అంతకుముందే పదిసార్లు పట్టుకుని లైసెన్సు లాక్కుని ఉంటే ఆమె బిడ్డ బతికి ఉండేవాడేమో. ఆ పదిసార్లూ వదిలేసిన వ్యవస్థే పదకొండోసారి ఆమెకు న్యాయం చేస్తానంటోంది.

అయితే జైలే వద్దంటావా అంటే, అనను. క్రిమినల్ చట్టం మనిషి తెలిసి చేసిన ఎంపికను శిక్షించాలి, అక్కడ గట్టిగానే శిక్షించాలి. తాగి హ్యాండిల్ పట్టుకోవడం ఎంపిక. నడిరోడ్డు మీద పందేలు వేయడం ఎంపిక. పరిమితికి రెట్టింపు వేగంతో, అదీ రెండోసారి, మూడోసారి, జనం తిరిగే చోట పోవడం ఎంపిక. రక్తం కారుతున్న మనిషిని వదిలేసి పారిపోవడం అన్నింటికన్నా స్పష్టమైన ఎంపిక. వీటికి, ఎవరూ చనిపోకపోయినా సరే, జైలు ఉండాలి. పందేలకు, ప్రమాదకరంగా నడపడానికి ఇప్పుడున్న 189, 184 సెక్షన్లలో జైలు ఉంది. వాడుకలో ఎక్కువగా చలానాతోనే ముగుస్తోంది. 106(2) మీద డ్రైవర్లు లేవనెత్తిన అభ్యంతరంలోనూ నిజముంది. ఆగితే జనం కొట్టి చంపుతారన్న భయం మన రోడ్ల మీద ఊహ కాదు. కొంత దూరం వెళ్లి ఫోనులో చెప్పినా, దగ్గరి పోలీసుస్టేషన్‌కు వెళ్లినా పారిపోయినట్టు లెక్క కాదని చట్టంలోనే విడమరచి రాస్తే, ఆ తరవాత కూడా చెప్పనివాడికి పెద్ద శిక్ష వేయడానికి నాకు అభ్యంతరం లేదు. క్షణకాలపు పొరపాటును, తెలిసి చేసిన తెగింపును ఒకే సెక్షన్‌లో, ఒకే ఐదేళ్ల కింద కట్టేయడమే తప్పు.

జరిమానాలు ధనవంతుణ్ణి ఏం చేస్తాయన్నది ఇంకో ఆక్షేపణ. వెయ్యి రూపాయల చలానా డెలివరీ కుర్రాడికి ఒక రోజు సంపాదనకు పైమాటే, ఖరీదైన కారు యజమానికి అది లెక్కలోకి రాదు. ఈ మాట నూటికి నూరుపాళ్లూ నిజం. దీనికి విరుగుడు ఫిన్లాండ్‌లో 1921 నుంచి ఉంది. అక్కడ జరిమానాను ఆదాయాన్ని బట్టి రోజుల లెక్కన వేస్తారు. 2002లో నోకియా సంస్థ డైరెక్టర్ అన్సి వాన్యోకికి, 50 పరిమితి ఉన్న చోట 75లో మోటారు సైకిలు నడిపినందుకు 1,16,000 యూరోల జరిమానా పడింది. ఆదాయం తగ్గిందని చూపించాక దాన్ని బాగా తగ్గించారు; కొలత ఆదాయమే అనడానికి అదీ రుజువే. 2023లో అక్కడే ఒక కోటీశ్వరుడికి 82లో నడిపినందుకు 1,21,000 యూరోలు పడ్డాయి. ఎవరూ చనిపోలేదు, ఎవరూ జైలుకు వెళ్లలేదు. మన దగ్గర అందరి ఆదాయాలూ లెక్కకు అందవు, నిజమే. బండి ఖరీదు మాత్రం రిజిస్ట్రేషన్ రికార్డులో ఉంది. దాన్ని బట్టి జరిమానా పెట్టడానికి అడ్డేమీ లేదు. ఇక లైసెన్సు రద్దు, బండి స్వాధీనం ధనవంతుడికీ పేదకూ దాదాపు ఒకేలా తగిలే శిక్షలు.

విదేశాల్లో శిక్షలు ఎంత కఠినమో తెలుసా అని చివరిగా అంటారు. బ్రిటన్ 2022లో ప్రమాదకరంగా నడిపి చంపినవాళ్లకు గరిష్ఠ శిక్షను 14 ఏళ్ల నుంచి యావజ్జీవానికి పెంచింది. కానీ అక్కడి రోడ్లు అంతకుముందే సురక్షితమయ్యాయి. 1966లో దాదాపు ఎనిమిది వేలున్న మరణాలు, 2010 తరవాతి దశాబ్దంలో రెండు వేల లోపుకు దిగాయి. యావజ్జీవం వచ్చింది ఆ తరవాత. ఆ తగ్గుదల హెల్మెట్లు, సీటు బెల్టులు, కెమెరాలు, మెరుగైన కూడళ్లు, మంచి ఆసుపత్రుల వల్ల వచ్చింది. స్వీడన్ 1997లో పార్లమెంటు సాక్షిగా ఒప్పుకున్న సూత్రం కూడా ఇదే. మనిషి పొరపాటు చేస్తాడు, ఆ పొరపాటుకు ప్రాణం పోకుండా రోడ్డును కట్టాల్సిన బాధ్యత కట్టినవాళ్లది.

కాబట్టి పాఠకులను కోరేది ఇది. మీ ప్రాంతంలో మరో ఘోరం జరిగి, శిక్షలు పెంచుతామని ఎవరైనా నాయకుడు మైకు ముందు ప్రకటిస్తే, ఆ రోడ్డు మీద వేగం కొలిచే కెమెరా ఉందా అని అడగండి. అక్కడ అంతకుముందు ఎన్ని ప్రమాదాలు జరిగాయో, 198ఎ కింద ఇప్పటిదాకా ఎందరి మీద కేసు పెట్టారో అడగండి. చలానాల మీద రాయితీ మళ్లీ ప్రకటిస్తే, మీ చలానా ఉన్నా సరే, వ్యతిరేకించండి. 106(2)ను తిరిగి చర్చకు తెచ్చే రోజున ఆ చర్చలో లారీ డ్రైవర్ల సంఘాలూ బాధితుల కుటుంబాలూ ఇద్దరూ కూర్చోవాలని మీ ఎంపీకి రాయండి.